ఏజియన్ దీవి, బడి కుప్ప

నేను సముద్రాన్ని కళ్ళారా చూసేటప్పటికే దాని గురించి చాలా ఏళ్ళు పాఠాలు చెప్పేసి ఉన్నాను. అలలంటే ఎట్లుంటాయి మేడం అని పిల్లలు అడిగితే, చెరువులోకి గేదె దిగినప్పుడు లేస్తాయే, వాటికంటే కొంచెం పెద్దవి అని చెప్పేదాన్ని. మా వైపు చెరువుల్లో నీళ్ళు నిలిచేదే ఏదో ఒక ఏడాది. మిగతా ఏళ్ళలో పిల్లలు ముందు నీళ్ళను ఊహించుకుని, ఆ తర్వాత గేదెను ఊహించుకుని, ఆపైన సముద్రం దాకా వెళ్ళాలి. పాపం, అంత దూరం నా వెంట నడిచి వచ్చేవాళ్ళు.

ఈ పిచ్చి నాకు మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు పట్టుకుంది. బస్టాండుకు దగ్గరలో పాత పుస్తకాలను తూకానికి అమ్మే అంగడి ఒకటి ఉండేది. పరీక్షల గైడు కోసం వెళ్ళి, అట్ట సగం ఊడిపోయిన ఇంగ్లీషు భూగోళం పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాను. అందులో ఏజియన్ సముద్రంలోని ఒక చిన్న దీవి మీద ఒక అధ్యాయం, దానికి ఎదురుగా రంగుల బొమ్మ. ఆ దీవి పేరు చెప్పను. ఇన్నేళ్ళుగా దాన్ని తప్పుగానే పలుకుతున్నానని తర్వాత తెలిసింది. సరిగ్గా పలకడానికి ఇప్పటికీ నోరు తిరగదు.

గ్రీసు దేశానికి చెందిన దీవి అది. చెట్టూ చేమా తక్కువైన కొండ, ఆ కొండ వాలంతా సున్నం లేకుండా రాళ్ళు పేర్చి కట్టిన మెట్ల చేలు. వాన చలికాలంలోనే పడుతుంది, వేసవంతా చుక్క ఉండదు. పడిన వానను ఇళ్ళ కప్పుల మీద నుంచి కింది తొట్లలోకి పట్టి ఏడాదంతా తాగుతారు. మేకలు, బార్లీ, ద్రాక్ష, ఎండాకాలంలో ఉత్తరం నుంచి రోజుల తరబడి వీచే గాలి. చివరి పేజీలో జనాభా సంగతి. వయసు పిల్లలంతా ఓడలెక్కి రాజధానికీ, అక్కడి నుంచి ఆస్ట్రేలియాకూ వెళ్ళిపోతున్నారట. తాళాలు పడిన ఇళ్ళు, కూలిపోతున్న రాతి గోడలు. ఊరి చర్చిలో మాత పండుగకు మాత్రం వచ్చి, నాలుగు రోజులు సందడి చేసి మళ్ళీ ఓడెక్కుతారట.

ఆ పేజీ చదివి నేను నిజంగా కన్నీళ్ళు పెట్టుకున్నాను. అయ్యో, ఎవరో ఏమో, ఎంత కష్టం అనుకున్నాను. మేడ మీద కిటికీ పక్కన కూర్చునే చదివాను. ఆ కిటికీలోంచి రాళ్ళ కొండలూ, మేకలూ, బెంగుళూరు బస్సు కోసం మూటలతో నిలబడిన జనమూ కనిపిస్తూనే ఉన్నారు. వాళ్ళ వైపు ఒక్కసారి కూడా చూసిన గుర్తు లేదు. భూగోళం చదివేవాళ్ళకు దూరదృష్టి ఉండాలంటారు. నాకు అది తప్ప ఇంకోటి లేదు.

పెళ్ళయి పుంగనూరు వచ్చాను. తొంభైల్లో సదుం వైపు ఒక పల్లెలో ఏకోపాధ్యాయ పాఠశాలకు టీచరునయ్యాను. రోజూ పొద్దున బస్సు దిగి, కొండ అంచున మట్టి దారిలో నడిచి వెళ్ళాలి. ఊరు గుట్ట మీద ఉంటుంది. మూడు వైపులా బీడు భూములు, ఒక వైపు అడవి. వేరుశనగ, కొంచెం టమాటా, ఇంటికి రెండు ఆవులు, కొందరికి గొర్రెలు. మొదటి రోజే ఆ గుట్టను చూసి నా దీవి దొరికిందని పొంగిపోయాను. సముద్రం ఒక్కటే తక్కువ అనుకున్నాను.

ఆ లోటు తీర్చబోయి తిట్లు తిన్నాను కూడా. దీవి అంటే చుట్టూ నీళ్ళున్న నేల అని చూపించడానికి ఒక పిల్లవాడి ఇంటి నుంచి పెద్ద ఇనుప బాండలి తెప్పించి, మధ్యలో రాయి పెట్టి, చుట్టూ నీళ్ళు పోయించాను. రెండు బిందెలు పట్టాయి. అది బోర్లన్నీ ఎండిపోయిన ఏడు. నీళ్ళ ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చేది. ఆ పిల్లవాడి అవ్వ బాండలి కోసం వచ్చి, అందులో తేలుతున్న నా కాగితం పడవలను చూసింది. సముద్రానికి రెండు బిందెలు పోసినావంటే నీ మొగుడు ఏం సంపాదిస్తాండాడమ్మా అని అడిగింది. ఆ దీవివాళ్ళకు చుట్టూ నీళ్ళే గానీ తాగే నీళ్ళు ఉండవు అవ్వా అని చెప్పి తప్పించుకోబోయాను. ఆమె కాసేపు ఆలోచించి, అట్లయితే వాళ్ళు మనకంటే దరిద్రులు అని తేల్చేసి, ఆ నీళ్ళను తీసుకెళ్ళి ఆవుకు తాపింది. నా ఏజియన్ సముద్రం అట్లా పూర్తిగా ఉపయోగపడింది.

ఊరు ఖాళీ అవుతున్న సంగతి నాకు తెలియనిది కాదు. తరగతి గదే చెబుతుండేది. ఒక పిల్ల వాళ్ళమ్మతో బెంగుళూరు పోయిందనేవాళ్ళు. ఇంకో పిల్లవాడు మేనమామతో కుప్పం పోయి, అక్కడి నుంచి రైలెక్కాడనేవాళ్ళు. కానీ ఊళ్ళో ఎవరిని అడిగినా ఎవరూ ఎక్కడికీ పోలేదన్నట్టే చెప్పేవాళ్ళు. మావోడు ఊర్లోనే ఉండాడమ్మా, పనికి పొయ్యుండాడంతే. ఆ పనికి పోయినవాడు పోయి ఎన్నాళ్ళయిందో ఇంటి ముందు మొలిచిన వేపచెట్టును చూస్తే తెలిసేది.

వాళ్ళు అబద్ధం చెప్పేవాళ్ళు కాదు. ఆ ఊరి లెక్క వేరు. ఏటా వేసవిలో గంగమ్మ జాతరకు ఊరుమ్మడి పొట్టేళ్ళు కోస్తారు. మాంసాన్ని విస్తరాకుల మీద సమానంగా కుప్పలు వేస్తారు. గడపకొక కుప్ప. ఊరి పెద్దాయన ఒక్కొక్క గడప పేరూ పిలుస్తాడు. ఆ ఇంటివాళ్ళు "ఉండాం" అని పలికి ఆకు పట్టుకోవాలి. ఇల్లు తాళం పడి ఎన్నేళ్ళయినా ఆ గడపను పిలుస్తారు. చిన్నాన్న కొడుకో, పక్కింటివాడో వాళ్ళ తరఫున "ఉండాం" అని పలికి ఆ కుప్ప తీసుకుంటాడు. ముమ్మారు పిలిచినా ఎవరూ పలకకపోతే ఆ కుప్పను మిగతా వాటిలో కలిపేస్తారు. ఆ తర్వాత ఆ గడప ఇక ఊళ్ళో లేనట్టే. అలా కలిపేయడం తన కాలంలో చూడలేదని పెద్దాయన గొప్పగా చెప్పుకునేవాడు.

బడికి కూడా ఒక కుప్ప ఉండేది. వేసవి సెలవుల్లో ఆ ఊరి దారి తొక్కని నేను, జాతర నాడు మాత్రం ఎండలో పడి పొద్దున్నే చేరుకునేదాన్ని. "బడి గడప" అనగానే "ఉండాం" అని అందరికంటే గట్టిగా పలికేదాన్ని. ఉండేది పుంగనూరులో. ఆ సంగతి నాకూ తట్టలేదు, ఇంకెవరికీ తట్టలేదు.

రెండు వేలు దాటాక పిల్లల సంఖ్య బాగా పడిపోయింది. ఒక రోజు పైనుంచి అధికారి వచ్చాడు. మంచివాడే. ఊళ్ళో జనం ఎట్లా ఉన్నారమ్మా అని అడిగాడు. అంతకు ముందు వారమే నేను జనాభా పాఠంలో భాగంగా పిల్లల చేత ఊరి గడపలను లెక్కపెట్టించి ఉన్నాను. వాళ్ళు వీధులు తిరగలేదు. కూర్చున్న చోటే కుప్పలు తలుచుకుని లెక్క చెప్పేశారు. ఎంత తెలివైన పిల్లలు అని మురిసిపోయి, అదే లెక్కను అధికారి ముందు గడగడా ఒప్పజెప్పాను. ఊరు నిండుగా ఉంది సార్, ఒక్క గడప కూడా తగ్గలేదు. ఆయన నన్ను వెంటబెట్టుకుని వీధిలో నడిచాడు. తాళం, తాళం, మేకల్ని కట్టేసిన ఇల్లు, తాళం, కప్పు కూలిన ఇల్లు. ప్రతి తాళం దగ్గరా ఆగి నా ముఖం వైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

పిల్లలు పెరగకపోతే బళ్ళు తెరిచే నాటికి ఈ బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తామని మెత్తగా చెప్పి వెళ్ళాడు. పక్క ఊరంటే అడవి అంచున నడిచి, వంక దాటి వెళ్ళాలి. ఒకటో తరగతి పిల్లలు అంత దూరం నడిచేది కల్ల. నన్నేమో పెద్దతిప్పసముద్రం వైపు వేస్తారని ఎవరో చెప్పారు. పేరులో సముద్రం ఉంది, వెళ్ళవే అన్నాడు మా ఆయన. అక్కడ ఉన్నది చెరువని మా ఇద్దరికీ తెలుసు. నాకు నవ్వు రాలేదు. ఆ చిన్న గది, ఆ బాండలి, నా చేతుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆ పిల్లలు, ఆ బడి పోతే నాకు ఇంకేం లేదని అప్పుడే తెలిసింది.

ఆ వేసవి మొదట్లో కుప్పంలో ఉన్న మా చెల్లెలింటికి వెళ్ళాను. దిగులుగా ఉన్నానని మా చెల్లెలు నన్ను కొత్తగా తెరిచిన నెట్ సెంటరుకు తీసుకెళ్ళింది. నీ దీవి ఇప్పుడెట్లుందో చూసుకో అక్కా అంది. ఆ అంగడి కుర్రాడు దీవి పేరు అడిగితే నేను చెప్పిన పేరుకు కంప్యూటరులో ఏదో మందు వచ్చింది. చివరికి చీటీ మీద అక్షరాలు రాసిస్తే దొరికింది.

కరెంటు పోయేలోపల చదివింది కొంచెమే. బొమ్మలో అదే కొండ, అవే మెట్ల చేలు. జనం తగ్గి తగ్గి దీవిలో బడి మూతపడే స్థితికి వచ్చిందట. అదే సమయంలో కూలిన రాతి గోడలను మళ్ళీ కట్టడానికి సరిహద్దు అవతల నుంచి, అల్బేనియా అనే దేశం నుంచి పనివాళ్ళు కుటుంబాలతో వచ్చారట. మొదట్లో ఊరివాళ్ళు వాళ్ళను మనుషుల్లో లెక్కేయలేదట. బడిని నిలబెట్టింది మాత్రం వాళ్ళ పిల్లలేనట.

కరెంటు పోయింది. నేను ఆ చీకటి తెర ముందు అలాగే కూర్చుండిపోయాను. మా పల్లె దారిలో, గుట్ట కింద, ఏడాది పైగా రేకుల షెడ్లు ఉన్నాయి. కుప్పం అవతల, తమిళ సరిహద్దు నుంచి బండ కొట్టడానికి వచ్చినవాళ్ళు. సుత్తి చప్పుడు తరగతి గదిలోకి వినపడితే పిల్లలకు ఆ బండ కొట్టేవాళ్ళ గురించి కాదు, గ్రీకు పాలరాయి గురించి చెప్పేదాన్ని. రోజూ ఆ షెడ్ల పక్కనుంచే నడిచాను. అక్కడ ఆడుకుంటున్న పిల్లలు నాకు దండం పెట్టేవాళ్ళు కూడా. వాళ్ళను చూడటానికి నాకు గ్రీసు దేశం మీదుగా చుట్టి రావలసి వచ్చింది.

మర్నాడే బస్సెక్కి వెళ్ళాను. షెడ్డు ముందు ఒకామె కంకర గంప దించుతోంది. ఆమె పక్కన బడి వయసు కూతురు. పిల్లలందరినీ బడిలో చేర్చండి, పుస్తకాలిస్తాం, మధ్యాహ్నం అన్నం కూడా పెడతాం అని ఊదరగొట్టేశాను. ఆమె గంప పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. పోయిన ఏడే తన కూతురు బడి దాకా వచ్చి గుమ్మం దగ్గర నిలబడి తిరిగి వచ్చేసిందని చెప్పింది. ఎందుకని అడిగాను.

"మాకు కుప్ప లేదంట మేడం. కుప్ప లేనోళ్ళు ఈ ఊరోళ్ళు కాదంట. మీ బడి బిడ్డలే చెప్పినారు."

ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడిన రోజు నేను బడి లోపల ఏ దేశం పాఠంలో ఉన్నానో గుర్తు లేదు. ఊరు ఒప్పుకోకుండా పంపితే రేపు మా బిడ్డనే అంటారు, నేను పంపను అని ఆమె తేల్చి చెప్పింది. బడి ప్రభుత్వానిది, ఊరివాళ్ళది కాదన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది. బెంగుళూరులో ఉండేవాళ్ళకు కుప్ప పెట్టే ఊళ్ళో ప్రభుత్వం మాట ఎంత చెల్లుతుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు.

జాతర దగ్గర పడుతోంది. పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. నేను ఏజియన్ సముద్రం నుంచి మొదలుపెట్టాను. మెట్ల చేలు, గాలి, ఓడలు, తాళాలు, అల్బేనియా, అన్నీ చెప్పాను. చేతులు ఊపుతూ చెప్పాను. ఆయన పగ్గం ఆపకుండా విన్నాడు. వాళ్ళక్కూడా అమ్మవారి పండగ ఉండాదా అని ఒక్క ప్రశ్న వేశాడు. ఉందన్నాను. అది విని తృప్తిపడ్డాడు. మిగతాదంతా నీళ్ళ కథ అన్నట్టు తోసేశాడు.

ఇక లాభం లేదని దీవిని వదిలేసి బండ కొట్టేవాళ్ళకు ఒక కుప్ప వేయమని నేరుగా అడిగాను.

"కుప్పకు గడప ఉండాల గదమ్మా. రేకుల షెడ్డుకు గడప యాడుండాది?"

"బడికి గడప ఉందిగా పెద్దాయనా. ఆ కుప్ప నాకెందుకు ఇస్తాండారు? నేను పుంగనూరులో ఉండేదాన్ని. నా కుప్పను బడిలో చేరే బిడ్డలకు ఇవ్వండి."

పగ్గం చేతుల్లో ఆగింది.  తర్వాత సూద్దాంలే అన్నాడు. ఆ మాటకు మా వైపు ఏ అర్థమైనా ఉండొచ్చు. నేను గుట్ట దిగి షెడ్డు దగ్గరకు వెళ్ళి, జాతర నాడు బడి గడప అని పిలిచినప్పుడు మీలో ఎవరైనా పలకండి, నేను పలకను అని చెప్పి వచ్చేశాను. ఆమె సరేననలేదు, కాదనలేదు. 

జాతర నాడు కుప్పలు వేశారు. బెంగుళూరు నుంచి వచ్చినవాళ్ళు కొత్త చొక్కాలతో ముందు వరసలో నిలబడ్డారు. షెడ్లవాళ్ళు దూరంగా చింతచెట్టు కింద ఉన్నారు. గంప దించిన ఆమె, కూతురు చేయి పట్టుకుని నిలబడింది. పెద్దాయన పిలుస్తూ పోయాడు. తాళం పడిన ఇళ్ళకు కూడా ఎవరో ఒకరు "ఉండాం" అంటున్నారు. చివరికి "బడి గడప" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. ఆ కుప్ప మీద మంచి కొవ్వు ముక్క ఒకటి కనిపిస్తోంది. ఇన్నేళ్ళ అలవాటుకు నోరు తెరుచుకోబోయింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. రెండోసారి పిలిచాడు. చెట్టు కింద ఎవరూ కదల్లేదు. ఒకడు అప్పుడే కత్తి తీసుకుని ఆ కుప్పను కలిపేయడానికి వంగాడు. బడి పోయింది అనుకున్నాను. 

పెద్దాయన మూడోసారి వెంటనే పిలవలేదు. తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. చింతచెట్టు వైపు ముఖం తిప్పి, పొలంలో ఉన్నవాళ్ళను కేకేసినట్టు గట్టిగా పిలిచాడు.

"బడి గడపా!"

"ఉండాం."

పిల్ల గొంతు. సన్నగా, తమిళ యాస కలిసిన గొంతు. తల్లి ఆ పిల్ల చేయి వదిలేసింది. పిల్ల జనం మధ్య నుంచి నడిచి వచ్చింది. బడి కుప్ప టీచరమ్మది గదప్పా అని ఎవరో గొణిగారు. పెద్దాయన వినపడనట్టే ఆకును రెండు చేతులతో ఎత్తి ఆ పిల్లకు అందించాడు. జాగర్త పాపా, కింద పడిపోతాది అన్నాడు.

బళ్ళు తెరిచిన రోజు షెడ్ల పిల్లలంతా వచ్చారు. అధికారి మళ్ళీ వచ్చి, కూర్చున్న పిల్లలను చూసి, ఈసారి వీధిలో నడవకుండానే వెళ్ళిపోయాడు. బడి నిలిచింది. మరుసటి ఏడు పెద్దాయన "షెడ్ల గడప" అని కొత్తగా ఒక కుప్ప వేయించాడు. నేను ఆ పిల్లలకు దీవి పాఠం చెప్పాను. గోడలు కట్టడానికి వచ్చినవాళ్ళ సంగతి చెబితే, సున్నం లేకుండా రాళ్ళు ఎట్లా పేరుస్తారు మేడం అని వాళ్ళు అడిగారు. నాకు తెలియదన్నాను. ఆ మాట నేను తరగతి గదిలో అనడం అదే మొదలు.

కొన్నాళ్ళకు నాకు మామూలు బదిలీల్లో పెద్దతిప్పసముద్రం వైపే వచ్చింది. చెరువు గట్టు మీద నిలబడి మా ఆయన ఇదిగో నీ సముద్రం అన్నాడు. ఆ ఏడు జాతరకు ఒంట్లో బాగోలేక వెళ్ళలేకపోయాను. బడికి కొత్త టీచరు వచ్చాడు కాబట్టి బడి కుప్ప ఆయనది. నాకు ఆ ఊళ్ళో ఇంక ఏమీ లేదు కదా అని మంచం మీద పడుకుని నా మీద నేనే జాలిపడుతూ ఉన్నాను. ఆ పని నేను చాలా బాగా చేస్తాను.

సాయంత్రం పుంగనూరులో మా ఇంటి తలుపు తట్టారు. గంప దించిన ఆమె, పక్కన కూతురు. పిల్ల బాగా పొడుగైంది. చేతిలో స్టీలు క్యారియరు. మూత తీస్తే మాంసం కూర. పచ్చిది తెస్తే ఎండకు పాడైపోతుందని వండుకొచ్చామని ఆమె చెప్పింది. మీ కుప్ప మీరు తినక నాకెందుకు తెచ్చారని అడిగాను. మాది మా ఇంట్లో ఉండాది, ఇది మీదే అంది. పెద్దాయన కొత్త టీచరుకు బడి కుప్ప ఇచ్చాక, చివర్లో టీచరమ్మ గడప అని ఇంకో కుప్పను పిలిచాడట.

"నేను ఆడ లేను గదమ్మా," అన్నాను.

"నేను పలికినా మేడం," అంది పిల్ల. "ఉండాం అని."

వాళ్ళను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. ఖాళీ గిన్నె పంపకూడదని క్యారియరులో బెల్లం, రెండు టెంకాయలు పెట్టిచ్చాను. వాళ్ళు వెళ్ళాక అన్నం పెట్టుకుని ఆ కూర తిన్నాను. తింటుంటే కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఎందుకేడుస్తున్నావని మా ఆయన అడిగాడు. కారం ఎక్కువైంది అన్నాను. ఆయన ఒక ముక్క తీసుకుని రుచి చూసి, కారమే లేదే అన్నాడు.